వీడ్కోలు తేదీ లేని యంత్రాలు: పార్లమెంటు రక్షణ స్థాయీ సంఘానికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన పార్లమెంటు రక్షణ వ్యవహారాల స్థాయీ సంఘం అధ్యక్షులకు, ఉభయ సభల సభ్యులకు,

నమస్కారాలు.

విశాఖపట్నంలో నివసించే ఒక పౌరుడిగా ఈ లేఖ రాస్తున్నాను. మన సాయుధ దళాలు వాడుతున్న పాత విమానాలు, హెలికాప్టర్లు, జలాంతర్గాములు ఇంకా ఎన్నేళ్లు సేవలో ఉంటాయి, వాటిని ఏ సంవత్సరంలో తప్పిస్తారు, వాటి స్థానంలోకి ఏవి వస్తాయి అన్న ప్రశ్నలకు ప్రజలకు కనబడే చోట, తేదీలతో సహా, సమాధానం ఉండాలని నా విన్నపం. ఆ సమాధానం రాబట్టగల అధికారం మీ సంఘానికి ఉంది కాబట్టే మిమ్మల్ని అడుగుతున్నాను.

రక్షణ శాఖ పద్దులు లోక్‌సభలో చాలా ఏళ్లు చర్చకు రాకుండానే, చివరి రోజున మిగతా పద్దులతో కలిపి గిలటిన్‌లో, అంటే చర్చ లేకుండా ఒకేసారి ఓటుకు పెట్టే పద్ధతిలో, ఆమోదం పొందుతున్నాయి. లక్షల కోట్ల రూపాయల ఆ పద్దులను వరుసగా చదివి, త్రివిధ దళాల అధికారులను ఎదుట కూర్చోబెట్టుకుని ప్రశ్నించే అవకాశం 31 మంది సభ్యులున్న మీ సంఘానికే మిగిలింది. ఆ అవకాశం ఎంత విలువైనదో 2018 మార్చిలో దేశం చూసింది. సైన్యం దగ్గరున్న సామగ్రిలో 68 శాతం కాలం చెల్లిన కోవకు చెందిందని, 24 శాతం మాత్రమే నేటి అవసరాలకు తగినదని, అత్యాధునికం అనదగినది 8 శాతమేనని ఆనాటి సైనిక ఉపాధిపతి మీ సంఘానికి చెప్పారు. ఆధునికీకరణకు ఇచ్చిన 21,338 కోట్ల రూపాయలు అప్పటికే కుదుర్చుకున్న ఒప్పందాల కింద చెల్లించాల్సిన 29,033 కోట్లకు కూడా చాలవని ఆయన లెక్క చూపారు. యూనిఫాంలో ఉన్న అధికారి అంత స్పష్టంగా మాట్లాడగలిగింది మీ గదిలోనే. ఆ మాటలు నివేదికలోకి ఎక్కాయి కాబట్టే మాబోటి వారికి తెలిశాయి.

యంత్రం పాతబడడాన్ని నేను తప్పుపట్టడం లేదు. అమెరికా వైమానిక దళం బీ-52 బాంబర్ల తయారీ 1962లోనే ఆగిపోయినా, ఇంజన్లూ రాడార్లూ మార్చుకుంటూ, లోహపు అలసటను కొలుచుకుంటూ వాటిని నేటికీ నడుపుతున్నారు. ఎప్పటివరకు నడపాలో, అందుకు ఏమేమి మార్చాలో ముందే నిర్ణయించుకుని నడపడం ఒక పద్ధతి. మన దగ్గర తరచుగా జరుగుతున్నది అది కాదు. కొత్తది రాలేదు కాబట్టి పాతది కొనసాగుతుంది. కొత్తది ఎందుకు రాలేదని అడిగితే ఒక్కో కార్యాలయం మరో కార్యాలయాన్ని చూపిస్తుంది.

మిగ్-21 చరిత్ర అందరికీ తెలిసినదే అయినా ఒక్కసారి తేదీలను పక్కపక్కన పెట్టి చూడమని కోరుతున్నాను. అది 1963లో మన వైమానిక దళంలో చేరింది. దాని స్థానంలోకి రావలసిన తేలికపాటి యుద్ధవిమానం పథకానికి 1983లో అనుమతి లభించింది. ఆ విమానం తొలిసారి గాలిలోకి లేచింది 2001 జనవరిలో, తేజస్ అని పేరు పెట్టిన ఆ విమానాల తొలి స్క్వాడ్రన్ (యుద్ధవిమానాల దళ విభాగం) ఏర్పడింది 2016 జులైలో, మిగ్-21కు చండీగఢ్‌లో వీడ్కోలు పలికింది 2025 సెప్టెంబర్ 26న. ఈ మధ్యకాలంలో జరిగిన నష్టాన్ని 2012లో రక్షణ మంత్రి ఏ.కే. ఆంటోనీ పార్లమెంటుకు చెప్పారు. రష్యా నుంచి తెచ్చుకున్న వివిధ రకాల మిగ్ విమానాలు 872 కాగా, వాటిలో 482 ప్రమాదాల్లో పోయాయి. 171 మంది పైలట్లు, 39 మంది పౌరులు, ఇతర సేవలకు చెందిన 8 మంది మరణించారు. కారణాల్లో మానవ తప్పిదాలూ ఉన్నాయి, సాంకేతిక లోపాలూ ఉన్నాయి. అన్ని ప్రమాదాలనూ విమానం వయసుకే అంటగట్టడం న్యాయం కాదు. అయితే రెండు దశాబ్దాల ముందే విశ్రాంతి తీసుకోవలసిన విమానంలో యువ పైలట్లను పంపుతూ పోయిన నిర్ణయానికి ఎవరు బాధ్యులో చెప్పే కాగితం ఒక్కటీ ప్రజల ముందుకు రాలేదు.

మిగ్-21 వెళ్లిపోయాక వైమానిక దళానికి మిగిలినవి 29 స్క్వాడ్రన్లు. ఉండాల్సినవి 42. ఈ లోటు పూడ్చవలసిన తేజస్ మార్క్-1ఏ విమానాలు 83 కావాలని 2021 ఫిబ్రవరిలో ఒప్పందం కుదిరింది, 2024 నుంచి అందాల్సి ఉంది. అమెరికా నుంచి రావలసిన ఇంజన్లలో మొదటిదే 2025 మార్చిలో అందింది. మొదటి విడత ఇంకా అందకముందే 2025 సెప్టెంబర్‌లో మరో 97 విమానాలకు 62,370 కోట్ల రూపాయలతో ఒప్పందం చేసుకున్నారు. ఆ ఒప్పందాన్ని నేను తప్పనను, విమానాలు కావాలి. కానీ అంతకు కొన్ని నెలల ముందే వైమానిక దళాధిపతి ఒక బహిరంగ వేదిక మీద, అనుకున్న సమయానికి పూర్తయిన ప్రాజెక్టు ఒక్కటీ తనకు గుర్తు రావడం లేదని, సంతకం చేసేటప్పుడే ఆ తేదీకి అవి రావని తెలిసిన సందర్భాలున్నాయని అన్నారు. దళాధిపతి నోట అంతటి మాట వచ్చాక, ఒప్పందంలో రాసుకున్న ప్రతి తేదీనీ మీ సంఘం ప్రశ్నించి తీరాలి.

ఇక చీతా, చేతక్ హెలికాప్టర్ల సంగతి. ఈ లేఖ రాయడానికి నన్ను పురిగొల్పిన విషయాల్లో ఇది ప్రధానమైనది. ఫ్రెంచ్ నమూనాల ఆధారంగా మన దేశంలో తయారైన ఈ ఒంటి ఇంజన్ హెలికాప్టర్లు 1960, 70 దశకాల సాంకేతికతకు చెందినవి. సియాచిన్ శిఖరాల మీద సైనికులకు మందులు, కిరోసిన్, ఆహారం చేరవేసేదీ, గాయపడినవారిని కిందికి తెచ్చేదీ చీతాయే. అంత ఎత్తులో పల్చటి గాలిలో దాని పనితనాన్ని పైలట్లు నేటికీ మెచ్చుకుంటారు. కానీ మేఘాలు కమ్మినప్పుడు ముందున్న కొండను చూపే ఆధునిక పరికరాలు, పైలట్‌కు ఆసరాగా నిలిచే ఆటోపైలట్ అందులో లేవు. మూసుకుపోయిన లోయలో అతని కళ్లూ అనుభవమే దిక్కు.

వీటి స్థానంలో 197 హెలికాప్టర్ల కోసం పిలిచిన టెండర్‌ను 2007లో రద్దు చేశారు. మళ్లీ పిలిచారు, పరీక్షలు జరిగాయి, 2014 ఆగస్టులో దాన్నీ రద్దు చేశారు. 2015లో రష్యాతో 200 కామోవ్ హెలికాప్టర్ల తయారీకి ప్రభుత్వాల స్థాయిలో ఒప్పందం కుదిరింది, అది కొనుగోలు దాకా రాలేదు. ప్రభుత్వ సంస్థ హిందుస్థాన్ ఏరోనాటిక్స్ (హెచ్‌ఏఎల్) రూపొందించిన తేలికపాటి హెలికాప్టర్ 2016లో ఎగిరింది, 2023లో తుమకూరులో దాని కోసం కర్మాగారమూ ప్రారంభమైంది. 2025 ఆగస్టులో రక్షణ శాఖ మళ్లీ 200 తేలికపాటి హెలికాప్టర్ల కోసం సమాచారం కోరుతూ ప్రకటన ఇచ్చింది. పద్దెనిమిదేళ్ల తర్వాత మళ్లీ మొదటి మెట్టు దగ్గరే ఉన్నాం. ఈలోగా సైనికాధికారుల భార్యలు కొందరు సంఘటితమై, 2015లో ఆనాటి రక్షణ మంత్రి మనోహర్ పారికర్‌ను కలిసి, ఈ హెలికాప్టర్లను ఆపేయమని వేడుకున్నారు. సైనిక కుటుంబాలు నోరు విప్పడం మన దేశంలో అరుదు. అంతటి మర్యాదను పక్కనపెట్టి వారు ముందుకొచ్చారంటే వారి భయం ఎలాంటిదో మీరు ఊహించగలరు. 2023 మార్చి 16న అరుణాచల్ ప్రదేశ్ కొండల్లో సైన్యం చీతా ఒకటి కూలి ఇద్దరు పైలట్లు చనిపోయారు. వారిలో ఒకరైన లెఫ్టినెంట్ కల్నల్ మన యాదాద్రి భువనగిరి జిల్లాకు చెందినవారు. 2007 టెండరో, 2014 టెండరో నెరవేరి ఉంటే ఆ రోజు ఆ అధికారులు వేరే హెలికాప్టర్‌లో ఉండేవారు. ప్రమాదం తప్పేదని నేను అనలేను, తప్పించుకునే అవకాశమైనా వారికి ఉండేదన్నదే నా బాధ.

మా విశాఖ వారికి ఇంతకంటే దగ్గరి దుఃఖం మరొకటి ఉంది. నగరంలో ఎన్‌ఏడీ జంక్షన్ అని అందరూ పిలుచుకునే కూడలికి ఆ పేరు వచ్చింది నౌకాదళ ఆయుధాగారం వల్లే. ఆ ఆయుధాగారంలో పనిచేసే ఎనిమిది మంది పౌర ఉద్యోగులు విధుల మీద పోర్ట్‌బ్లెయిర్ వెళ్లడానికి 2016 జులై 22న చెన్నై దగ్గర తాంబరంలో వైమానిక దళం ఏఎన్-32 రవాణా విమానం ఎక్కారు. మొత్తం 29 మందితో బయలుదేరిన ఆ విమానం బంగాళాఖాతం మీద రాడార్ నుంచి మాయమైంది. నౌకలు, విమానాలు, జలాంతర్గామి కూడా వెతికాయి. ఏమీ దొరకలేదు. నీటి అడుగు నుంచి సంకేతమిచ్చే లొకేటర్ బీకన్ ఆ విమానానికి అమర్చలేదని అప్పుడే వార్తలొచ్చాయి. సముద్రం మీద వందల మైళ్లు ప్రయాణించే విమానానికి అది ఉండి తీరాలని చెప్పడానికి నిపుణులే అక్కర్లేదు. ఏడున్నరేళ్ల తర్వాత, 2024 జనవరిలో, జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ పంపిన స్వయంచాలిత జలాంతర వాహనం సుమారు 3,400 మీటర్ల లోతున శకలాల ఫొటోలు తీసింది. అంతవరకు ఆ కుటుంబాలకు అంత్యక్రియలు లేవు, శరీరం లేదు, ఎక్కడ పడిందన్న సమాచారమూ లేదు.

ఆ ప్రమాదం నుంచి ఏమి నేర్చుకున్నామో 2019 జూన్ 3న మళ్లీ తెలిసింది. జోర్హాట్ నుంచి మెచుకా బయలుదేరిన మరో ఏఎన్-32 అరుణాచల్ అడవుల్లో కూలి 13 మంది మరణించారు. దాని జాడ దొరకడానికి ఎనిమిది రోజులు పట్టింది. అందులో ఉన్న అత్యవసర సంకేత పరికరం తయారీదారు ఎప్పుడో ఉత్పత్తి ఆపేసిన రకమని ఈసారీ వార్తలొచ్చాయి. ఏఎన్-32లు మనకు చేరింది 1984 నుంచి. వందకు పైగా విమానాల నవీకరణకు 2009లో ఉక్రెయిన్‌తో ఒప్పందం చేసుకుంటే, 2014లో అక్కడ మొదలైన సంక్షోభంతో విడిభాగాల రాక దెబ్బతింది. విదేశీ సంక్షోభం మన చేతిలో లేదు, నిజమే. ఒక బీకన్ కొనడం, అమర్చడం మన చేతిలోని పనే. విమానం మొత్తం నవీకరణ అయ్యేదాకా ప్రాణాలు కాపాడే చిన్న పరికరం కూడా ఆగవలసిందేనన్న ఆలోచనే నాకు మింగుడుపడనిది.

తెలంగాణలోని దుండిగల్ వైమానిక అకాడమీలో ఓనమాలు నేర్చే క్యాడెట్ల శిక్షణ విమానాల కథా ఇదే. గాలిలో ఇంజన్ ఆగిపోయే రోగమున్న హెచ్‌పీటీ-32 విమానాలతోనే ఏళ్ల తరబడి శిక్షణ సాగింది. 2009 జులైలో మెదక్ జిల్లాలో ఇద్దరు శిక్షకులు మరణించాక వాటన్నింటినీ ఒక్కసారిగా నేల మీద నిలిపేశారు. అది సరైన నిర్ణయం, కానీ అప్పటికి వాటి స్థానంలో నిలబెట్టడానికి ఏ విమానమూ సిద్ధంగా లేదు. స్విట్జర్లాండ్ నుంచి పిలాటస్ శిక్షణ విమానాలు 2013లో వచ్చేదాకా, రెండో దశ శిక్షణకు ఉద్దేశించిన కిరణ్ జెట్ విమానాల మీదే కొత్తవారికి తొలి పాఠాలు, అదీ కుదించిన గంటలతో, చెప్పవలసి వచ్చింది. పాత యంత్రం కూలినప్పుడే కాదు, ఆగిపోయినప్పుడు కూడా సన్నద్ధత దెబ్బతింటుందనడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

నౌకాదళం గురించి క్లుప్తంగానే రాస్తాను. 1999లో ఆమోదించిన ముప్పై ఏళ్ల ప్రణాళిక ప్రకారం 2030 నాటికి 24 కొత్త జలాంతర్గాములు రావాలి. ఆ తర్వాత సంప్రదాయ ఇంధనంతో నడిచేవి ఆరు వచ్చాయి, ఆరోదైన వాగ్షీర్ 2025 జనవరిలో చేరింది. అందువల్ల 1980ల నాటి సింధుఘోష్ తరగతి జలాంతర్గాములకు మరమ్మతులు చేసి ఆయుష్షు పొడిగిస్తున్నారు. మా హిందుస్థాన్ షిప్‌యార్డులో రీఫిట్ (పూర్తిస్థాయి మరమ్మతు) కోసం 2006లో చేరిన ఆ తరగతి జలాంతర్గామి సింధుకీర్తి తిరిగి సముద్రంలోకి వెళ్లింది 2015లో. యార్డు కార్మికుల నైపుణ్యాన్ని నేను శంకించను. అదే యార్డు కట్టిన నిస్తార్ నౌక 2025 జులైలో నౌకాదళంలో చేరినప్పుడు ఊరంతా గర్వపడింది. కానీ ఉన్న కొద్దిపాటి జలాంతర్గాముల్లో ఒకటి తొమ్మిదేళ్లు ఒడ్డున ఉంటే, ఆ భారం మిగిలిన వాటి మీదా, వాటిలో పనిచేసే నావికుల మీదా పడుతుంది. 2014 ఫిబ్రవరిలో సింధురత్న జలాంతర్గామిలో పొగ కమ్మి ఇద్దరు అధికారులు మరణించినప్పుడు నౌకాదళాధిపతి అడ్మిరల్ డీ.కే. జోషి నైతిక బాధ్యత వహించి అదే రోజు రాజీనామా చేశారు. నడిపేవారికి అంతటి జవాబుదారీతనం ఉన్నప్పుడు, కొని ఇవ్వవలసినవారికి ఎందుకు ఉండకూడదని అడుగుతున్నాను.

డబ్బు లేదన్న సమాధానం మీకు తరచుగా వినిపిస్తుందని తెలుసు. 2025-26 బడ్జెట్‌లో రక్షణ శాఖకు 6.81 లక్షల కోట్లు కేటాయిస్తే అందులో మూలధన వ్యయానికి, అంటే కొత్త ఆయుధాలు, సామగ్రి కొనుగోలు వంటివాటికి, 1.80 లక్షల కోట్లు, పింఛన్లకు 1.61 లక్షల కోట్లు వెళ్లాయి. పింఛన్లు దేశం తీర్చుకోవలసిన రుణం, వాటిని తగ్గించమని నేను అనను. అయితే అంతకు ముందు ఏడాది మూలధన పద్దు కింద ఇచ్చిన 1.72 లక్షల కోట్లను సవరించిన అంచనాల్లో 1.59 లక్షల కోట్లకు దించారు. డబ్బు చాలదని ఒకవైపు చెబుతూ, ఇచ్చినదే పూర్తిగా ఖర్చు కాని స్థితి మరోవైపు ఉంటే, లోపం ఖజానాలోనే లేదని అర్థమవుతోంది. ఇక 2016లో ఉరీ దాడి తర్వాత, 2020లో గల్వాన్ తర్వాత, 2025లో ఆపరేషన్ సిందూర్ తర్వాత అత్యవసర కొనుగోళ్లకు దళాలకు ప్రత్యేక అధికారాలు ఇచ్చారు. అవసరానికి అది పనికొచ్చింది. అయినా ప్రతిసారీ ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టు సాగే కొనుగోలు ఒక దేశపు విధానం కాలేదు.

రహస్యం అన్న అభ్యంతరం కూడా వస్తుంది. క్షిపణుల సంఖ్యో, మోహరింపు స్థలాలో చెప్పమని నేను అడగడం లేదు. అమెరికాలో ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం 49 రకాల సైనిక విమానాలు 2011 నుంచి 2021 వరకు ఏ ఏడాది ఎంతమేరకు సిద్ధంగా ఉన్నాయో, ఎక్కువ రకాలు లక్ష్యాన్ని ఎలా అందుకోలేకపోయాయో 2022లో బహిరంగంగా ప్రచురించింది. మన దగ్గర కూడా 152 రకాల మందుగుండులో 61 రకాలు పది రోజుల యుద్ధానికి చాలవని ప్రభుత్వ ఖర్చులను తనిఖీ చేసే కాగ్ 2017లో పార్లమెంటుకు చెప్పింది. ఆ లెక్కలు బయటపడినందుకు మనం బలహీనపడలేదు, నిల్వల కోసం సైనిక ఉపాధిపతికి నేరుగా కొనే అధికారాలు దక్కింది ఆ రోజుల్లోనే. చీతా ఎంత పాతదో మన పొరుగు దేశాలకు తెలియనిది కాదు. అది ఎప్పుడు మారుతుందన్నది మన పార్లమెంటుకే తెలియకపోవడం బాధాకరం.

అందుకని నేను కోరేది ఇది. వచ్చే సంవత్సరపు పద్దుల మీద మీరు ఇచ్చే నివేదికకు ఒక అనుబంధ పట్టిక చేర్చండి. ముప్పై ఏళ్లు దాటిన ప్రతి రకం విమానం, హెలికాప్టర్, నౌక, జలాంతర్గామి, సాయుధ శకటం పేరు ఎదుట దాన్ని సేవ నుంచి తప్పించే సంవత్సరం, దాని స్థానంలో వచ్చేది, ఒప్పందం ఏ దశలో ఉంది, ఆ దశకు ఏ హోదాలోని అధికారి బాధ్యులు అన్న నాలుగు విషయాలు ఉండాలి. సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారం కర్మాగారంలో తయారయ్యే బీఎంపీ-2 శకటాలకు బదులుగా రావలసిన కొత్త తరం వాహనం పదేళ్లకు పైగా కాగితాల మీదే ఎందుకు ఉందో కూడా ఆ పట్టికలోనే తేలాలి. తేదీ వెనక్కి జరిగితే, ఎందుకు జరిగిందో ఆ అధికారి మీ ముందుకు వచ్చి చెప్పాలి, ఆ వివరణ మరుసటి ఏటి నివేదికలో అచ్చు కావాలి. వ్యక్తులను శిక్షించమని నేను అడగడం లేదు, సంతకం చేసే చేతికి తన పేరు అక్కడ ఉంటుందన్న స్పృహ ఉంటే చాలు.

దానితోపాటు ప్రాణరక్షణ పరికరాలను, అంటే అత్యవసర సంకేత పరికరాలు, నీటి అడుగు బీకన్లు, భూభాగం దగ్గరపడుతోందని హెచ్చరించే వ్యవస్థలు, జలాంతర్గాముల్లో పొగను, వాయువులను పసిగట్టే సాధనాలను పెద్ద నవీకరణ పథకాల నుంచి విడదీసి, వాటికి వేరే నిధి, వేరే గడువు పెట్టించండి. ఏఎన్-32 స్థానంలో మధ్యస్థాయి రవాణా విమానం కోసం 2022 డిసెంబర్‌లో సమాచారం కోరారు. ఆ విమానం వచ్చేలోగా ఇప్పుడున్న ప్రతి ఏఎన్-32లో ఈ పరికరాలు ఉన్నాయా లేదా అన్నదానికి ఉంది, లేదు అన్న ఒక్క మాటలో లిఖితపూర్వక జవాబు అడిగి సభ ముందుంచండి.

ప్రమాదాల మీద దళాలు జరిపే అంతర్గత విచారణ (కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ) ఫలితాల్లో గోప్యం కానవసరం లేని భాగాన్ని మృతుల కుటుంబాలకు వారి భాషలో, నిర్ణీత గడువులోగా ఇచ్చే నియమం కూడా తేవాలి. మీ సంఘం అధ్యయన పర్యటన మీద తూర్పు నౌకాదళానికి వచ్చినప్పుడు డాక్‌యార్డు, షిప్‌యార్డుల అధికారులతో పాటు ఆ ఎనిమిది కుటుంబాలనూ పిలిపించి, విచారణలో తేలినదేమిటో వారికి ఎంతవరకు చెప్పారో వారినే అడిగి తెలుసుకోండి. వారు చెప్పింది సాక్ష్యంగా నమోదు చేయించండి.

ఈ లేఖకు జవాబు నాకు వ్యక్తిగతంగా రానక్కర్లేదు. పద్దుల నివేదికలో ఆ పట్టిక కనబడితే అదే జవాబుగా స్వీకరిస్తాను, కనబడకపోతే మరుసటి సంవత్సరం ఇదే విన్నపం మళ్లీ పంపుతాను.

భవదీయుడు,
విశాఖపట్నం నుంచి ఒక పౌరుడు